నాలుగంగుళాలు కోసిన పిడి

ఇంటికి వచ్చి మూడు రోజులైంది. చెప్పులకు అంటిన సిద్దిపేట బురద, తెనాలి నల్లమట్టి ఎండి ఇంకా రాలుతూనే ఉన్నాయి. మరిచిపోకముందే రాసుకుందామని కూర్చున్నాను.

మా అమ్మ ముప్పై ఏళ్లు నాట్లు వేసింది. వరినాటు ఆడవాళ్ల పని అని నాకు ఎవరూ చెప్పలేదు, చూస్తూ పెరిగాను. దున్నేది నాన్న. నారు పీకేది, నాటేది, కలుపు తీసేది అమ్మ. మొన్న దసరాకి ఊరెళ్తే, మా మడిలో బీహార్ నుంచి వచ్చిన కుర్రాళ్లు నాటేసి పోయారన్నారు. పక్క రైతు నాటు యంత్రం తెప్పించాడట, దాన్ని నడిపింది కూడా మగపిల్లాడే. మరి అమ్మతో కలిసి నాటేసిన వాళ్లంతా ఇప్పుడేం చేస్తున్నారు? ఊళ్లోకి కొత్త పనిముట్టు వస్తే అది ఎవరి చేతికి వెళ్తోంది? ఈ సంగతి మనసులో నలుగుతూనే ఉంది. సంక్రాంతి కాగానే వారం సెలవు పెట్టి బయల్దేరాను.

జనవరి 17, జహీరాబాద్

బస్సులో నా పక్కన కూర్చున్నావిడ ఒళ్లో ఒక గుడ్డ మూట ఉంది. విప్పి చూపించింది. మందు కొట్టే పంపు నాజిల్, తెగిపోయిన రబ్బరు వాషర్. జహీరాబాద్‌లో కొత్తవి కొనడానికి వెళ్తోంది. "ఇదివరకు మా ఆయన పోతుండె. గిప్పుడు నాకు టికెట్ లేదు గదా, నేనే పోతున్న" అంది. తెలంగాణలో 2023 డిసెంబర్ 9 నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు చార్జీ లేదు. ఆ జీరో టికెట్ వల్ల పంపు రిపేరు ఒక ఆడమనిషి చేతికి వచ్చిందని నేను ఎక్కడా చదవలేదు. షాపులో అడగాల్సిన సైజు మరిచిపోకుండా పాత వాషర్‌ని వేలికి ఉంగరంలా తొడుక్కుని కూర్చుంది.

జహీరాబాద్ పక్కనున్న పస్తాపూర్ చూడాలని ఎప్పటినుంచో కోరిక. దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ 1983లో ఈ చుట్టుపక్కలే పని మొదలుపెట్టింది. దళిత మహిళా సంఘాలు, చిరుధాన్యాలు, విత్తనాల నిల్వలు అనగానే చాలామందికి గుర్తొచ్చే చోటు ఇది. 2019లో ఐక్యరాజ్యసమితి ఇచ్చే ఈక్వేటర్ ప్రైజ్ కూడా దీనికి వచ్చింది. నేను మాత్రం ఆఫీసు కన్నా దగ్గర్లోని ఒక ఊళ్లో ఇళ్లలోనే ఎక్కువసేపు గడిపాను.

అరవై దాటిన పెద్దమ్మ ఒకావిడ తన విత్తనాలు చూపించింది. పేడ, మట్టి కలిపి అలికిన వెదురు గుమ్మి. మూత తీయగానే వేపాకు వాసన, దాని కింద బూడిద, ఆ కింద జొన్న. పక్కనున్న చిన్న బుర్రల్లో కొర్రలు, సామలు, అనుములు, బొబ్బర్లు. రెండెకరాల ఎర్ర చెలకలో పదిహేను రకాలు కలిపి వేస్తుందట. గింజలు అరచేతిలో పోసి ఊది, పుచ్చుగింజ ఎలా పైకి తేలుతుందో చూపించింది.

కొత్త రకాలు ఎందుకు వేయలేదని అడిగాను. వేయకపోవడం కాదు, మక్క ఒకసారి వేసి చూసిందట. "ఇత్తనం నా గుమ్మిల ఉంటే ఏం ఎయ్యాల్నో నేను చెప్త. సంచి కొనుక్కొస్తే, పైసలు ఎవలియో మాట గూడ వాళ్లదే" అంది. హైబ్రిడ్ విత్తనం మంచిదా చెడ్డదా అని మనం వాదించుకుంటాం. ఆమె చూసింది వేరే. విత్తనం కొనాల్సిన సరుకైన రోజున ఆ ఇంట్లో నిర్ణయం గుమ్మి దగ్గర నుంచి జేబు దగ్గరకు వెళ్లిపోయింది.

మధ్యాహ్నం జొన్నరొట్టె, పుంటికూర పప్పు, ఎల్లిపాయ కారం పెట్టింది. రొట్టె పెనం మీద పొంగుతుంటే తడిచేత్తో తడుముతూ మాట్లాడుతూనే ఉంది. డబ్బులు ఇవ్వబోతే చేయి నెట్టేసింది.

జనవరి 18, దారి తప్పి ఝరాసంగం

పస్తాపూర్ సంఘాల ఆడవాళ్లు నడిపే రేడియో చూడటానికి మాచ్‌నూర్ వెళ్లాలి. షేర్ ఆటో ఎక్కి ఊరి పేరు చెప్పాను. ఒంటరిగా వచ్చిన ఆడమనిషి ఇటువైపు వెళ్తే కేతకి సంగమేశ్వరుడి గుడికే అనుకున్నాడు డ్రైవరు, నేరుగా ఝరాసంగంలో దించాడు. 40 రూపాయలు. దర్శనం చేసుకుని, మరో ఆటో కోసం చూడకుండా చేల వెంబడి నడక మొదలుపెట్టాను. ఆ దారి తప్పడం మేలే చేసింది.

శనగ చేలో ఒకామె ఒంటరిగా మందు కొడుతోంది. భర్త ఫ్యాక్టరీలో పనికి వెళ్తాడు, కాయతొలుచు పురుగు ఆయన సెలవు రోజు దాకా ఆగదు కదా. వీపు మీద 16 లీటర్ల బ్యాటరీ పంపు. నిండా నీళ్లు పోస్తే యంత్రంతో కలిపి 20 కిలోలు దాటుతుంది. చేతి పంపు అయితే ఒక చేత్తో కొడుతూనే ఉండాలి, ఇందులో మీట నొక్కితే చాలు, అందుకే నచ్చిందట. కానీ పట్టీలు ఎంత బిగించినా ఆమె భుజానికి ఆనవు, డబ్బా నడుము కిందికి జారుతుంది. ఆ రెండు పట్టీలను గుండెల దగ్గర పాత చున్నీతో ముడివేసుకుంది. ముడి కింద మెడ పక్కన ఎర్రగా కమిలిన చార. మూతికి కట్టుకున్నది కూడా చున్నీ ముక్కే, గ్లౌజులు లేవు.

మన దేశంలో పొలం పని చేసే ఆడవాళ్లు సగటున మగవాళ్లకన్నా దాదాపు పది సెంటీమీటర్లు పొట్టి. ఈ సంగతి తెలియనిది కాదు. భోపాల్‌లోని కేంద్ర వ్యవసాయ ఇంజనీరింగ్ సంస్థ ఏళ్ల తరబడి కొలతలు తీసింది. భువనేశ్వర్‌లో మహిళా రైతుల కోసమే ఒక జాతీయ పరిశోధన సంస్థ 1996 నుంచీ ఉంది. ఆ కొలతలు ఈ చేలో పంపు పట్టీ దాకా రాలేదు. ఆమె పంపు దించుకుని బాటిల్ నీళ్లు తాగుతుంటే, నేను పట్టుకుని చూద్దామని లేపాను. నిండుది మోకాలెత్తు దాకా కూడా లేవలేదు.

మాచ్‌నూర్ చేరేసరికి పొద్దు వాలింది. సంఘం రేడియో 90.4 ఎఫ్ఎంలో వినిపిస్తుంది, 2008 అక్టోబర్ 15న మొదలైంది. మైకు ముందు కూర్చునేది, రికార్డు చేసేది పల్లె ఆడవాళ్లే. ఈ సంఘాల్లోని వీడియో తీసే ఆడవాళ్లు కెమెరా కోణాలకు సొంత పేర్లు పెట్టుకున్నారు. పైనుంచి కిందికి చూసేది పటేల్ షాట్. కింద నుంచి తలెత్తి చూసేది బానిస షాట్. ఎదురుగా కంటికి కన్ను కలిసే ఎత్తులో తీసేది సంఘం షాట్. ఇంతకన్నా బాగా ఒక యంత్రాన్ని సొంతం చేసుకోవడం నేను చూడలేదు.

జనవరి 19, సిద్దిపేట నుంచి హుస్నాబాద్ దారిలో ఒక ఊరు

యాసంగి నాట్లు మంచి జోరు మీదున్నాయి. ఊరి మొదట్లోనే పన్నెండు మంది బీహార్ కుర్రాళ్లు వరసగా వంగి నాటేస్తున్నారు. పొద్దుగూకేలోపు నాలుగెకరాలు అవుతుందట. ఎకరానికి 5,000 గుత్త. నారు పీకడం, పంచడం, నాటడం అంతా వాళ్లే. వాళ్లలో ఒక పిల్లాడికి ఇరవై కూడా ఉండవు. నా వచ్చీరాని హిందీలో మాట్లాడితే, వాళ్ల ఊళ్లో నాట్లు ఎవరేస్తారో చెప్పాడు: వాళ్ల అమ్మ.

గట్టు మీద ముగ్గురు ఆడవాళ్లు కూర్చుని ఉన్నారు. మడి యజమాని భార్య, ఆమెతో పాటు ఇదివరకు ఇదే మడిలో నాటేసిన ఇద్దరు. పండక్కి చేసిన సకినాలు కొంగులో తెచ్చుకుని తింటున్నారు, నా చేతిలోనూ రెండు పెట్టారు. యాభై దాటిన అక్క చెప్పిన మాట నా నోట్‌బుక్కులో ఉన్నది ఉన్నట్టే రాసుకున్నాను: "కైకిలికి వంగి నాటేసినన్ని రోజులు గది ఆడోళ్ల పని. గుత్తకు పైసలెక్కువైనంక మొగోళ్ల పనైంది." కైకిలి అంటే దినకూలి.

అదే ఊళ్లో, నాటు వేయకుండా విత్తనాన్నే నేరుగా మడిలో వేసే డ్రమ్ సీడర్ ఉందంటే వెళ్లాను. ఇంటాయన వాకిట్లోనే మంచం వేసి కూర్చోబెట్టాడు. మర్యాదగానే మాట్లాడాడు. నేను ఇంటావిడను "నీకెన్ని ఎకరాలమ్మా?" అని అడిగితే "మాకు ఎకరంన్నర" అని ఆయన చెప్పాడు. "విత్తనం ఎంత పడుతుంది?" అంటే "పన్నెండు, పదిహేను కిలోలు" అని మళ్లీ ఆయనే. ఆమె మంచినీళ్లు తెచ్చిచ్చి లోపలికి వెళ్లిపోయింది. చెంబు ఇచ్చే నెపంతో నేనూ లోపలికి వెళ్లాను. అసలు కథ అక్కడ ఉంది.

పశువుల కొట్టం మూలన తడి గోనెసంచి, దాని మీద మందంగా వరిగడ్డి. విత్తనం ఒక రోజు నానబెట్టి ఇలా మండె కట్టాలి. జనవరి చలికి మొలక తొందరగా రాదు, అందుకే గడ్డి కప్పింది. రాత్రి రెండుసార్లు లేచి సంచిలో చేయి పెట్టి చూస్తుందట. గుప్పెడు తీసి నా అరచేతిలో పోసింది. గోరువెచ్చగా ఉన్నాయి. ప్రతి గింజకూ ముక్కు పగిలి తెల్లటి చుక్క. "గింతే ఉండాలె. ఇంకో పూట ఆగితే కాళ్లొస్తయి. కాళ్లొస్తే చిల్లుల్ల ఇరుక్కుంటది, లైన్ల మధ్య బొక్కలు పడ్తయి" అంది. డ్రమ్ సీడర్ అంటే ఇరుసుకు గుచ్చిన నాలుగు ప్లాస్టిక్ డబ్బాలు, రెండు పక్కలా చక్రాలు. ఒక్కో డబ్బాకు రెండు అంచుల్లో చిల్లులు. లాగుతూ పోతే 20 సెంటీమీటర్ల దూరంలో ఎనిమిది సాళ్లు పడతాయి. దాన్ని ఊళ్లో అందరూ ఆయన మిషన్ అంటారు. ఆ మిషన్ పనిచేసేదీ చేయనిదీ మాత్రం ఆమె వేళ్లు తేల్చిన ఆ మొలక మీద ఉంది. పోయిన ఏడు వ్యవసాయం వాళ్లు చూపించడానికి వచ్చినప్పుడు పిలుపు ఆయనకే వచ్చిందట, మండె కట్టడం ఎలాగో చెప్పింది కూడా ఆయనకే. ఆయన వచ్చి సగం చెప్పాడు. మొదటిసారి మొలక పొడుగై విత్తనం పాడైంది. తర్వాత తనే చూసి చూసి నేర్చుకుంది.

నేను చూస్తుండగానే తనే మడిలోకి దిగి అటూ ఇటూ రెండుసార్లు లాగింది. ఖాళీ సీడర్ ఆరు కిలోలే కాబట్టి బరువు పెద్ద ఇబ్బంది కాదు. ఆడవాళ్లు లాగకూడదని ఎవరూ అనలేదట, లాగమనీ అనలేదట.

అదే కొట్టంలో గోడకు కోనోవీడర్ ఆనించి ఉంది. సాళ్ల మధ్య కలుపును బురదలోకి తొక్కేసే ఆరేడు కిలోల యంత్రం. దాని పిడి గొట్టం మీద వెల్డింగ్ మచ్చ కనిపించింది. ఏమైందని అడిగాను. నిలబడి తోసి చూపించింది. ఇదివరకు అడ్డపిడి ఛాతీకి తగిలేది, చేతులెత్తి తోయాల్సి వచ్చేది, సాయంత్రానికి భుజాలు పడిపోయేవి. హుస్నాబాద్ వెల్డింగ్ షాపుకు మోసుకెళ్లి నాలుగంగుళాలు కోయించి మళ్లీ అతికించింది. 150 రూపాయలు. ఇప్పుడు పిడి నడుము దగ్గర ఆనుతుంది. నాకు ఫోటో తీసుకోవాలనిపించింది, గొట్టం పక్కన తన చేతిని బెత్తలా పెట్టి నిలబడింది.

సాయంత్రం గట్టు మీది ఇద్దరక్కల దగ్గరికి మళ్లీ వెళ్లాను. వాళ్లకు భూమి లేదు. డ్రమ్ సీడర్ వచ్చిన మడిలో నాటు కూలి పోయింది. నాలుగు రోజుల్లో కలుపు మందు చల్లుతారు, మూడు వారాలకు మళ్లీ కొడతారు, కాబట్టి కలుపు కూలీ సగానికి పడిపోయింది. ఎకరంన్నర ఉన్న ఆమెకు మిగిలిన డబ్బు, వీళ్లకు రాకుండా పోయిన కూలి ఒకటే. ఇద్దరూ ఆడవాళ్లే, ఒకే వాడ వాళ్లే, పండక్కి సకినాలు కలిసే చుట్టుకున్నారు. "మహిళలకు మేలు చేసే టెక్నాలజీ" అని నేనూ చాలాసార్లు అన్నాను. ఏ మహిళకు అని అడగకుండా ఇకమీదట ఆ మాట అనలేను.

జనవరి 20, మంగళవారం

ఉదయం పదింటికి రైతు వేదికలో మీటింగు. అరవై కుర్చీలు, నలభై మంది, అందులో ఆడవాళ్లు నలుగురు. పదింటికి ఆడవాళ్లంతా మడిలో ఉంటారు. సాయంత్రం పెడితే పశువులు, వంట. మరి ఎప్పుడు పెట్టాలని ఆ నలుగురినీ అడిగాను. అన్నం తిన్నాక రాత్రి ఎనిమిదింటికి పెడితే అందరం వస్తామని ముక్తకంఠంతో చెప్పారు. ఆ టైముకు సంఘం మీటింగులు ఎలాగూ జరుగుతున్నాయి.

మీటింగులో సగం సేపు పాసుపుస్తకాల గొడవే నడిచింది. ఎవరి పేరున పాసుపుస్తకం ఉంటే వాళ్ల ఖాతాలోనే ప్రభుత్వం ఇచ్చే రైతు భరోసా సాయం పడుతుంది. ఎకరానికి ఏడాదికి 12,000. సబ్సిడీ యంత్రానికీ పట్టా కావాలి. హిందూ కుటుంబాల్లో కూతుళ్లకు ఉమ్మడి ఆస్తిలో సమాన వాటా మన ఉమ్మడి రాష్ట్రంలో 1985 సెప్టెంబర్ 5 నుంచే చట్టంలో ఉంది, దేశమంతటికీ వచ్చింది 2005లో. అయినా 2015-16 వ్యవసాయ గణనలో దేశం మొత్తం మీద కమతం నడిపేవాళ్లుగా లెక్కకెక్కిన ఆడవాళ్లు నూటికి పద్నాలుగు మందే. నా పక్కన కూర్చున్న వదిన పేరున ఎకరం ఉంది, అది కూడా సబ్సిడీ కోసం రాయించినదే. చిన్న రైతులకు, ఎస్సీ, ఎస్టీలకు, మహిళలకు యంత్రాల మీద 50 శాతం, మిగతావాళ్లకు 40. ఆమె పేరున పవర్ వీడర్ వచ్చింది. తాళంచెవి మరిది దగ్గర ఉంటుంది.

ఆడవాళ్లు కొత్తదంటే భయపడతారు అని ఆ మీటింగులో ఒకాయన అన్నాడు. ఆ మాట నన్ను చాలాసేపు బాధపెట్టింది. ఘనాలో మొక్కజొన్న రైతుల మీద చెరిల్ డాస్, మైకేల్ మోరిస్ చేసిన అధ్యయనం ఒకటి 2001లో వచ్చింది. కొత్త వంగడాలను, ఎరువును ఆడవాళ్లు తక్కువగా వాడుతున్న మాట నిజమే. కానీ భూమి, పనివాళ్లు, వ్యవసాయ సలహా అందుబాటును లెక్కలోకి తీసుకున్నాక, ఆడా మగా అన్నదాని వల్ల వచ్చే తేడా మిగల్లేదు. ఘనా ఎక్కడ, హుస్నాబాద్ ఎక్కడ. అయినా, రాత్రి రెండుసార్లు లేచి మొలక చూసుకున్న మనిషికి భయమని ఎలా అంటాం?

జనవరి 22, తెనాలి దగ్గర

ఆంధ్రాలో కూడా 2025 ఆగస్టు 15 నుంచి ఆడవాళ్లకు ఉచిత బస్సు ఉంది, కాకపోతే నా ఆధార్ హైదరాబాద్‌ది కాబట్టి టికెట్ కొనుక్కున్నాను. తెనాలిలో నెయ్యి కారప్పొడి ఇడ్లీ 40 రూపాయలు, రెండోసారి కూడా తిన్నాను.

వరి కోసిన మాగాణిలో మినుము, మొక్కజొన్న. తెల్లవారి మంచు ఇంకా విడవలేదు. గట్టు మీద ఆరు రెక్కల డ్రోన్, దాని పక్కన ముప్పై ఏళ్ల అమ్మాయి, మెడలో రిమోట్. డ్వాక్రా సంఘం సభ్యురాలు. నమో డ్రోన్ దీదీ పథకం 2023 నవంబర్‌లో కేంద్రం ఆమోదించింది. 15,000 సంఘాలకు డ్రోన్లు, ధరలో 80 శాతం వరకు, 8 లక్షలకు మించకుండా సాయం. పదిహేను రోజుల శిక్షణ, అందులో ఐదు రోజులు ఎగరేయడానికి, పది రోజులు మందుల గురించి.

పొలం రైతు పెద్దాయన వచ్చి చుట్టూ చూశాడు. "ఎగరేసే అబ్బాయి రాలేదేంటమ్మా?"

"నేనే ఎగరేసేది బాబాయ్. కాస్త గట్టు దిగండి, గాలి ఎక్కువొస్తుంది."

నడుమెత్తు మొక్కజొన్న మీద కత్తెర పురుగుకు మందు. చేతి పంపుతో ఎకరానికి 150 లీటర్ల నీళ్లు కావాలి, చేలో ఆకులు మొహానికి కోసుకుంటాయి. డ్రోన్ పది లీటర్లతో ఎనిమిది నిమిషాల్లో ఎకరం ముగించింది. కిరాయి 400. తొమ్మిది దాటి గాలి లేస్తే మందు పక్క చేలోకి పోతుందని ఆపేస్తుంది, రైతు ఎంత బతిమాలినా సరే. ఒకసారి బ్యాటరీ పాడై, కొత్తది రావడానికి సీజన్ సగం అయిపోయిందట. ఆ రోజుల టెన్షన్ గురించి చెబుతుంటే కళ్లలో నీళ్లు తిరిగాయి, అప్పు కిస్తీ ఆగదు కదా.

మందు కొట్టడం ఇక్కడ మగకూలీల పని. నీళ్లు మోసి అందించేది మాత్రం ఆడవాళ్లు. డ్రోన్ ఆ రెండు పనులూ తీసేసింది, ఆ సంగతి ఆమే చెప్పింది, దాచలేదు. నాటు యంత్రం ఆడవాళ్ల పనిని మగవాళ్లకు ఇచ్చింది, ఇక్కడ మగవాళ్ల పని ఒక ఆడమనిషి చేతికి వచ్చింది. డబ్బు, శిక్షణ, సర్టిఫికెట్ మూడూ ఆమె పేరునే రావడం తప్ప నాకు వేరే తేడా కనిపించలేదు. మొదట్లో బుకింగులన్నీ భర్త ఫోనుకే వచ్చేవట. ఆయన ఆటో తోలుతూ ఎత్తేవాడు కాదు, కిరాయిలు పోయేవి. డబ్బాకు అంటించిన స్టిక్కర్ చింపేసి తన నెంబరుతో కొత్తది వేయించుకుంది.

వాళ్లింట్లో అరిసెలు, గోంగూర పచ్చడి, పెరుగన్నం. రిమోట్ పట్టీ చూపించింది, పొడుగై పొట్టకు తగులుతుంటే పాత చీర అంచు పెట్టి పొట్టిగా కుట్టుకుంది. అప్పుడు నా ఫోన్‌లో ఉన్న ఆ కోసిన పిడి చూపించాను. చాలాసేపు పెద్దది చేసి చూసింది. వాళ్ల సంఘానికి వచ్చిన కలుపు మిషన్ ఒకటి మూలన పడి ఉందట, తోస్తే రొమ్ము నొప్పి అని ఎవరూ ముట్టుకోవడం లేదు.

"ఎన్ని అంగుళాలు కోయించారక్కా ఆవిడ?"

నాలుగు అని చెప్పాను.

"ఆ ఫోటో నాకు పంపండి. నా నెంబరుకే."

తెనాలి స్టేషన్‌లో పంపాను. రైలు గుంటూరు దాటకముందే తిరుగు ఫోటో వచ్చింది. కలుపు మిషన్ పిడి, పక్కన దర్జీ టేపు, గొట్టం మీద సుద్దముక్కతో తెల్లటి గీత.